జెండా పడింది, ఫలితం ఇంకా తేలలేదు: ఇరుంగాట్టుకోట్టైలో స్క్రూటినీ డ్యూటీ

కార్ల రేసు అయిపోతుంది. గెలిచిన కుర్రాడు పోడియం ఎక్కి కప్పు ఎత్తి ఫోటో దిగుతాడు. జనం బైకులు తీసుకుని హైవే ఎక్కేస్తారు. బండ్లు రూల్ ప్రకారం ఉన్నాయో లేదో తనిఖీ చేసే స్క్రూటినీ షెడ్డులో పని అప్పుడే ఊపందుకుంటుంది. ఒక్కో బండీ కాటా ఎక్కాలి, ఇంజిన్ సీళ్ళ నంబర్లు కలవాలి, ప్రతి కాయితం మీదా టైం పడాలి, నోటీసు బోర్డు మీద అంటించాక అరగంట గడవాలి. ఇవన్నీ అయ్యేదాకా ఫోన్లలో తిరిగే ఫలితం పచ్చిదే.

మన తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, సత్యవేడు వైపు అపోలో టైర్లు, హీరో ఫ్యాక్టరీల్లో చేరిన కుర్రాళ్ళు "రేసుకి వాలంటీర్‌గా పోతే ఏం చేయిస్తారన్నా?" అని అడుగుతుంటారు. జెండా పట్టుకుని నిలబడడమే పని అని చాలామంది లెక్క. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఒక రౌండులో, శుక్రవారం పొద్దున్నుంచి ఆదివారం రాత్రి దాకా స్క్రూటినీ టీములో చేసిన పని ఇక్కడ రాస్తున్నా. ఏ ఏడాది, ఏ టీము అన్నది చెప్పను. ఆ సంగతులు ఏ రౌండులోనైనా జరిగేవే.

ముందు దారి. తిరుపతి నుంచైతే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా శ్రీపెరుంబుదూరు. చిత్తూరు నుంచైతే రాణిపేట, వాలాజా, కాంచీపురం దాటి చెన్నై–బెంగళూరు హైవే మీదే వచ్చేయొచ్చు. ఎటైనా మూడు గంటలు అనుకోండి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, హ్యుండాయ్ ఫ్యాక్టరీ ఉన్న సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్కనే ట్రాక్. ఒకప్పుడు షోళవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బే తర్వాత దీన్ని కట్టింది. ల్యాపు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. మలుపులకు పేర్లు వాడరు, సీ1, సీ2 అనే అంటారు. వైర్‌లెస్‌లో వినబడేదీ అదే, కాబట్టి మొదటిరోజే ట్రాక్ మ్యాపు జేబులో పెట్టుకోవాలి.

ప్యాడాక్‌లో, అంటే టీములు బండ్లు పెట్టుకునే చోట, మాట తమిళం, మధ్యలో ఇంగ్లీషు. చిత్తూరువాళ్ళకి అది కొత్తేం కాదు. పైగా కోయంబత్తూరు నుంచి వచ్చే టీముల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. "ఏమన్నా, బండి పాసేనా?" అని వాళ్ళే మన భాషలో అడుగుతారు. యాస మాత్రం వాళ్ళది.

కోయంబత్తూరు పేరు ఊరికే తేలేదు. మన దేశంలో ఓపెన్ వీల్ రేసింగ్ అంటే, అంటే చక్రాలకు మడ్‌గార్డులు లేని సింగిల్ సీటర్ల రేసింగంటే, సగం కథ ఆ ఊరిదే. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి బండ్లు కట్టిన ఎస్. కరివర్ధన్ అక్కడివాడే. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. నరైన్ కార్తికేయన్ మొదటి రేసు నడిపింది ఫార్ములా మారుతిలోనే, అదీ ఈ శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీదే. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళింది ఆ తర్వాత. ఇప్పుడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లో చాలా బండ్లు దిగే క్లాసు ఎల్‌జీబీ ఫార్ములా 4. స్టీలు పైపుల ఛాసిస్, డ్రైవర్ వెనక మారుతి సుజుకి 1300 సీసీ ఇంజిన్. అందరికీ ఒకే రకం ఇంజిన్, ఒకే కంపెనీ టైర్లు. అందుకే ఈ క్లాసులో స్క్రూటినీకి విలువ. అన్నీ సమానంగా ఉన్నచోట ఒక కిలో, ఒక మిల్లీమీటరు కూడా పదివేల రూపాయల పార్టు చేసే పని చేస్తుంది.

శుక్రవారం: కాయితాలు, బట్టలు, బండి

మొదట కాయితాలే. డ్రైవర్‌కి మన దేశపు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే ఆ ఏటి లైసెన్సు, ఎంట్రీ ఫారం, బండికి లాగ్ బుక్. బండి రూల్ ప్రకారమే ఉందని టీము సంతకం పెట్టిన డిక్లరేషన్. ఈ చివరిది చాలామంది చూడకుండా సంతకం పెట్టేస్తారు. తర్వాత ఏదైనా తేడా వస్తే, తీర్పు చెప్పే అధికారులైన స్టీవార్డుల బల్ల మీదికి ముందుగా వచ్చే కాయితం ఇదే.

తర్వాత డ్రైవర్ సామాను. హెల్మెట్ లోపల లైనింగ్ ఎత్తి స్టిక్కర్ చూడాలి. ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ వాళ్ళ 8859-2015, స్నెల్ ఎస్‌ఏ లాంటివి, ఆ ఏటి రూల్ పుస్తకంలో చెల్లేవి ఉండాలి. బైకు హెల్మెట్ ఐఎస్ఐ అయినా ఈసీఈ అయినా, ఎన్ని వేలు పెట్టి కొన్నా పనికిరాదు. దాని లోపలి గుడ్డ మంటకి ఆగదు, మెడ కాపాడే హాన్స్ పట్టీలు తగిలించే క్లిప్పులకు చోటూ ఉండదు. హాన్స్‌కి 8858 స్టిక్కర్ చూస్తాం. దాని పట్టీలు నలిగాయా, హెల్మెట్ పక్క క్లిప్పు స్క్రూలు వదులయ్యాయా వేలితో కదిపి చూస్తాం. సూటుకి కాలర్ వెనక కుట్టిన లేబుల్, 8856-2000 గానీ 8856-2018 గానీ. లోపల వేసుకున్న బనియన్ నైలాన్‌దైతే తీసేయమంటాం, వేడికి అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఈ ఒక్క విషయంలోనే కుర్రాళ్ళు ఎక్కువ వాదిస్తారు, ఎండ మరి.

బెల్టు దగ్గర తారీఖు చూడాలి. లేబుల్ మీద ఫలానా ఏడాది చివరిదాకా చెల్లుతుందని అచ్చువేసి ఉంటుంది. బెల్టు కొత్తదానిలా మెరుస్తున్నా తారీఖు దాటితే అంతే. ఎండకి, చెమటకి దారం లోపల్లోపల బలహీనపడుతుంది, పైకి తెలీదు. నడుం దగ్గర తాళంలో ఇసుక దూరిందేమో నాలుగైదుసార్లు తిప్పి చూడాలి. ప్రాక్టీసులో ట్రాక్ పక్కన గులకరాళ్ళలోకి వెళ్ళొచ్చిన ప్రతి బండికీ ఈ పని మళ్ళీ చేయాలి.

ఇక బండి. బండి చుట్టూ తిరిగే వరస ఒకటి పెట్టుకుంటే ఏదీ మిస్సవదు. ముందు ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిక్కున పోవడం నా అలవాటు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట వచ్చిందంటే బేరింగో, సస్పెన్షన్ రాడ్ ఎండో. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట వస్తే స్టీరింగ్ వైపు చూడాలి. రాడ్ ఎండ్ వెనక లాక్ నట్టు వదులవడం ఓపెన్ వీల్ బండ్లలో రోజూ కనబడే తప్పు. రాత్రి అలైన్‌మెంట్ మార్చినవాడు చివర్లో బిగించడం మర్చిపోతాడు. నట్టు మీద, రాడ్ మీద కలిపి ఒక పెయింటు గీత గీస్తే కదిలిందో లేదో చూపుతోనే తెలిసిపోతుంది. గీత లేని టీముకి మా మార్కరే ఇస్తాం.

బ్రేకు పెడల్ అరనిమిషం గట్టిగా తొక్కి పట్టమంటాం. మెల్లగా కిందికి దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. మెత్తగా ఉండి రెండోసారి తొక్కితే గట్టిపడిందంటే లైన్లో గాలి ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. పెడల్‌కి స్టాప్ బోల్టు లేకపోతే డ్రైవర్ కాలి బలమంతా కేబుల్ మీద పడుతుంది. ఒక్కో పోగూ తెగి, తెగినవి కేబుల్ గొట్టంలో ఇరుక్కుని, మలుపు ముందర యాక్సిలరేటర్ వదలనంటుంది. అలా ఇరుక్కున్నాక చేయగలిగింది పెద్దగా ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ బండ్లు ఫెయిలయ్యేది కటౌట్ స్విచ్ దగ్గర. తెల్ల అంచున్న నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు ఉండేది. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా దాన్ని తిప్పి, డాష్ లైట్లు ఆరిపోయాయి చూడండి అంటారు. అది పరీక్ష కాదు. ఇంజిన్ నడుస్తుండగా తిప్పాలి. బ్యాటరీ వైరు ఒక్కటే స్విచ్ గుండా తీసుకెళ్ళి ఉంటే, స్విచ్ తిప్పినా ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుతో ఇంజిన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఫ్యూయల్ పంపూ ఆగదు. బోల్తాపడ్డ బండి దగ్గరికి పరిగెత్తిన మార్షల్ స్విచ్ తిప్పి, ఇక పెట్రోలు రాదులే అనుకుంటాడు. ఆ స్విచ్‌లో ఇగ్నిషన్ లైను కూడా తెంపే అదనపు టెర్మినళ్ళు ఉండాలి, ఆల్టర్నేటర్ కరెంటు పోవడానికి రెసిస్టరు ఉండాలి. ఆ శుక్రవారం ఈ ఒక్క కారణానికే కొన్ని బండ్లు వెనక్కి పంపాం. వైరింగ్ మార్చుకుని మధ్యాహ్నానికి తెచ్చారు.

మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చలో ఉండాలి, తారీఖు ఉండాలి. షెడ్డులో ఉన్నంతసేపు దాని పిన్ను పెట్టి ఉంచుతారు, ట్రాక్ మీదికి వెళ్ళేముందు తీయాలి. రేసుకి ముందు బండ్లు వరసకట్టే గ్రిడ్ మీద పిన్ను తీశారా అని ఒకరు ప్రత్యేకంగా చూస్తారు, ఎందుకంటే ఆ హడావుడిలో మెకానిక్‌లు మర్చిపోతారు. తర్వాత అద్దాలు, వెనక ఎర్ర లైటు, లాగే కొక్కెం, సస్పెన్షన్ పట్టుకునే చోట్ల వెల్డింగు. వెల్డింగు పక్కన పెయింటు మీద వెంట్రుకంత గీత కనబడితే గుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా పట్టి చూడాలి. తుడిస్తే పోయేది మురికి, పోనిది పగులు.

ఈ పనికి వచ్చేవాళ్ళు తెచ్చుకోవాల్సినవి: టార్చి, కర్రకి కట్టిన చిన్న అద్దం, మీటరు టేపు, వెర్నియర్, తెల్లదీ పసుపుదీ పెయింట్ మార్కర్లు, కాటన్ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, వేళ్ళు కప్పే బూట్లు, టోపీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఎరుపు, పసుపు చొక్కాలు వద్దు, దూరం నుంచి జెండా అనుకుంటారు.

శనివారం: టైం కొలిచే డబ్బా

ప్రాక్టీసు, గ్రిడ్‌లో స్థానాలు తేల్చే క్వాలిఫైయింగ్ జరిగే రోజు మాకు పని తక్కువనే చెప్పాలి. వాడే టైర్లకు మార్కు వేయడం, సెషన్ అయ్యాక ఏదో ఒక బండిని పిలిచి కాటా ఎక్కించడం, అంతే. ఎక్కువ తలనొప్పి ట్రాన్స్‌పాండర్లతో.

అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉండే ఈ డబ్బా ప్రతి బండికీ ఒకటి. ఫినిష్ లైన్ దగ్గర రోడ్డులో కోసి పెట్టిన వైరు లూపు మీదుగా బండి దాటినప్పుడు దీని నంబరు, క్షణం కంప్యూటర్‌లో పడతాయి. చార్జు ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది, ఎరుపు వస్తే తెచ్చి మార్చుకోవాలి. నేలకు రెండడుగుల లోపు ఎత్తులో, కిందికి ఇనుము గానీ కార్బన్ గానీ అడ్డం రాకుండా, అన్ని బండ్లకీ ఒకే చోట బిగించాలి. ఒకే చోట అని ఎందుకు పట్టుబడతామంటే, 180 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 50 మీటర్లు పోతుంది. ఒకడు డబ్బా ముక్కు దగ్గర, ఇంకొకడు ఒక అడుగు వెనక్కి బిగిస్తే అక్కడే సెకనులో వెయ్యింట ఆరు వంతులు తేడా. టైమింగ్ షీటు మీద మూడు అంకెలు అచ్చవుతాయి కాబట్టి ఆ ఆరు వంతులతో గ్రిడ్‌లో స్థానం మారిపోవచ్చు. ట్రాన్స్‌పాండర్ క్లిప్పు ఊడి పడిపోవడం కూడా మామూలే. అందుకే టైమింగ్ గదిలో ఇద్దరు మనుషులు ప్రతి ల్యాపూ బండ్ల నంబర్లు చేత్తో రాస్తూనే ఉంటారు. కంప్యూటర్‌లో ఒక బండి ఒక ల్యాపు తక్కువ చూపిస్తే తీర్పు చెప్పేది ఆ చేతిరాతే.

టైర్ల గాలి గురించి ఒక మాట. అది మా డ్యూటీ కాదుగానీ కొత్తవాళ్ళు అడుగుతారు. గది వేడిలో 16 పీఎస్‌ఐ పెట్టిన టైరు 50 డిగ్రీలు వేడెక్కితే 21 దగ్గరికి వస్తుంది. పది డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ అని గుర్తుపెట్టుకుంటే చాలు. పొద్దున చల్లని ట్రాక్ మీద సరిపోయిన గాలి మధ్యాహ్నం రెండింటికి ఎక్కువైపోతుంది. చెన్నై ఎండలో టైరు ఉబ్బి, నడిమధ్య మాత్రమే రోడ్డును తాకుతుంది. అప్పుడు బండి జారుతోందని డ్రైవర్ సస్పెన్షన్‌ని తిట్టుకుంటాడు.

శనివారం సాయంత్రం రేస్-1 లో, మర్నాడు మా కథలోకి వచ్చే బండి ముందున్న బండిని తగిలి ముక్కు, అంటే ముందు కొస భాగం, విరగ్గొట్టుకుంది. రాత్రి స్పేర్ ముక్కు బిగించారు. డ్యామేజీ అయిన బండి కాబట్టి మళ్ళీ స్క్రూటినీకి తెచ్చారు, మేము బిగింపులు చూసి పాస్ చేశాం. పాస్ అంటే భద్రంగా ఉందని మాత్రమే. బరువు సరిగ్గా ఉందని కాదు.

ఆదివారం: రేసు, ఆ తర్వాత కాటా

8 ల్యాపులు, దాదాపు 30 కిలోమీటర్లు. గ్రిడ్ మీద అయిదు నిమిషాల బోర్డు, మూడు, ఒకటి, అందరూ వరసగా ఒక చుట్టు తిరిగొచ్చే ఫార్మేషన్ ల్యాపు, ఎర్ర లైట్లు వరసగా వెలిగి ఆరడం. ముందున్న మూడు బండ్లు మొదటినుంచీ ఒకదాని తోకను ఇంకొకటి పట్టుకునే పోయాయి. ముందు బండి గాలిని చీలుస్తుంటే వెనకవాడికి నేరుగా ఉన్న దారిలో వేగం కలిసొస్తుంది, అందుకే ఈ క్లాసులో ఒంటరిగా పారిపోవడం కష్టం. అయిదో ల్యాపులో వెనకబడ్డ బండి ఒకటి మలుపు బయట తిరిగి ఆగిపోయింది, పసుపు జెండాలు ఊపారు. ఏడో ల్యాపులో రెండు, మూడు స్థానాలు మారాయి. మొదటి మూడు బండ్లూ ఒక సెకను లోపల లైను దాటాయి.

మార్షల్ పోస్టు నుంచి అప్పటికే ఒక కాయితం బయల్దేరింది. మూడోవాడుగా లైను దాటిన బండి, ఆ పసుపు జెండా ఉన్నచోట ఒకరిని దాటిందని. పసుపు మొదలయ్యేది జెండా ఊపే పోస్టు దగ్గర, ముగిసేది తర్వాత పచ్చ జెండా చూపే పోస్టు దగ్గర. మధ్యలో ఎక్కడ దాటినా తప్పే. డ్రైవర్లు ఎప్పుడూ చెప్పే జవాబు "ఆగిన బండిని దాటేశాక అక్కడ ప్రమాదం ఏముంది సార్?" అని. పచ్చ కనబడేదాకా ఆగాలి, అంతే. ఇలాంటి రిపోర్టు నిలబడాలంటే అందులో ఆరు సంగతులు ఉండాలి: పోస్టు నంబరు, గడియారం టైం, ఎన్నో ల్యాపు, దాటిన బండి నంబరు, దాటించుకున్న బండి నంబరు, ఆ క్షణంలో ఏ జెండా ఉంది. నంబర్లు వైర్‌లెస్‌లో ఒక్కో అంకె విడిగా చెప్పాలి, "ముప్పై ఎనిమిది" కాదు, "మూడు, ఎనిమిది". మట్టి పడ్డ నంబరు ప్లేటు మీద 3, 8 ఒకేలా కనబడతాయి కాబట్టి హెల్మెట్ రంగు కూడా రాసినవాడు తెలివైనవాడు. ఆ రోజు రాసిన పిల్ల రాసింది. వీడియోతో సరిపోయింది.

బండ్లు నేరుగా పార్క్ ఫెర్మేకి వస్తాయి. తాడు కట్టిన ఆ చోటుకి మెకానిక్ రాకూడదు, డ్రైవర్ దిగాక బండిని తాకకూడదు, ఇంజిన్ చల్లార్చే ఫ్యాను పెట్టాలన్నా మమ్మల్నడగాలి. మొదటి మూడు కాదు, మొదటి ఆరు బండ్లనూ ఆపుతాం. ఎందుకో ఆ సాయంత్రమే అందరికీ అర్థమైంది.

కాటా అంటే నాలుగు ప్యాడ్లు, ఒక్కో చక్రం కింద ఒకటి. నేల ఒకవైపు కొద్దిగా వాలితే నాలుగు మూలల లెక్క మారుతుంది గానీ మొత్తం బరువు దాదాపు మారదు. అయినా లెవెల్ చూసే పెడతాం, వాదన రాకుండా. డ్రైవర్ హెల్మెట్‌తో సహా లోపలే కూర్చోవాలి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి, బ్రేకు మీద కాలు ఉండకూడదు. ముందు సున్నా చూపించి, బండి ఎక్కించి, అంకె నిలిచాక టీము ప్రతినిధితో చదివించి, రాసి, సంతకం.

మొదటి బండి పాస్. రెండో బండి ఉండాల్సిన కనీస బరువుకి 1.2 కిలోలు తక్కువ.

ఇలాంటప్పుడు తొందరపడకూడదు. దింపి, సున్నా చూసి, మళ్ళీ ఎక్కించాం. అదే అంకె. ముందు ప్యాడ్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి మూడోసారి. అదే. చివరికి 20 కిలోల తూకం రాళ్ళు ఒక్కో ప్యాడ్ మీద పెట్టి వాళ్ళ ముందే చూపించాం. ప్యాడ్లు సరిగ్గానే ఉన్నాయి.

"కిలో కదన్నా, మావాడు పొద్దున తాగిన నీళ్ళంత కూడా లేదు" అన్నాడు మెకానిక్.

"అందుకే తమ్ముడూ, పైన రెండు మూడు కిలోలు ఉంచుకోమని చెప్పేది" అన్నారు మా చీఫ్.

తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే నిలబడి లెక్క వేశారు వాళ్ళు. పాత ముక్కు రిపేరు మీద రిపేరు చేసిన ఫైబర్, బరువైనది. స్పేర్ కొత్తది, తేలిక. బిగించాక బండిని మళ్ళీ తూచలేదు. పొద్దున అఫీషియల్ కాటా మధ్యాహ్నం దాకా అందరికీ తెరిచే ఉంది, రాలేదు. పెట్రోలు లీటరుకి ముప్పావు కిలో. ఫార్మేషన్ ల్యాపు, గ్రిడ్ మీద నిలబడి తాగిన పెట్రోలు లెక్కలో సరిగ్గా వేసుకోలేదు. ఎండలో సూటు లోపల డ్రైవర్ చెమట రూపంలో కిలో దాకా పోగొట్టుకుంటాడు. అనుభవం ఉన్నవాళ్ళు జెండా పడ్డాక పిట్‌కి వచ్చే ల్యాపులో బండ్లన్నీ పోయే దారి (రేసింగ్ లైను) వదిలి పక్కన పడున్న రబ్బరు ముక్కలు టైర్లకు అంటించుకుని వస్తారు, అదీ బరువే. ఇతను రేసింగ్ లైను మీదే వచ్చాడు. బరువు తక్కువైతే సీసం బిళ్ళలు బోల్టులతో బిగించి కలపొచ్చు, నిషేధమేం లేదు. టేపుతో అంటిస్తే మాత్రం ఒప్పుకోం, గుద్దుకున్నప్పుడు అది తుపాకి గుండవుతుంది.

మేము శిక్ష వేయం. కనబడింది రాసి, టైం వేసి, స్టీవార్డులకు పంపుతాం. వాళ్ళు టీమును పిలిచి విని తీర్పు రాస్తారు. ఒక కిలోతో ఏం లాభం వచ్చిందన్న వాదన అక్కడ చెల్లదు. లాభం రాలేదన్నది జవాబు కాదని ఎఫ్‌ఐఏ ఇంటర్నేషనల్ స్పోర్టింగ్ కోడ్‌లోనే రాసి ఉంది. 2024 జులైలో బెల్జియం గ్రాండ్ ప్రీ గెలిచిన జార్జ్ రస్సెల్ బండి 798 కిలోలకు 796.5 తూగింది. గెలుపు పోయి లూయిస్ హామిల్టన్‌కి వెళ్ళింది. అక్కడ రేసు అయ్యాక పూర్తి ల్యాపు తిరక్కుండానే పిట్‌లోకి మళ్ళుతారు, రబ్బరు ఏరుకునే వీలూ లేదు. ఫార్ములా వన్‌లో కిలోన్నరకి పోయినప్పుడు మన నేషనల్‌లో 1.2కి పోవడంలో వింతేముంది? డిస్‌క్వాలిఫై.

పసుపు జెండా బండికి 10 సెకన్లు కలిపారు. మూడో స్థానం నుంచి కిందికి జారిపోయింది. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన, కరెంటు కార్ల 'ఫార్ములా-ఈ' రేసు చూసినవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. జీన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసులో మూడోవాడుగా లైను దాటింది సెబాస్టియన్ బుయెమి. పవర్ పరిమితి మించి వాడాడని పెనాల్టీ పడి, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు పోయింది.

అలా నాలుగు, అయిదు స్థానాల బండ్లు రెండు, మూడులోకి వచ్చాయి. అవి పార్క్ ఫెర్మేలోనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మొదటి మూడింటినే ఆపి మిగతావాటిని వదిలేసుంటే, అప్పటికి అవి వ్యాన్లు ఎక్కి ఉండేవి, వాటిని తూచడానికి దారే లేదు. రెండూ తూచాం, పాస్. ఇంజిన్ సీళ్ళు కలిపాం. హెడ్డుకీ బ్లాకుకీ కలిపి వైరు వేసి, నంబరున్న సీసం బిళ్ళను నొక్కి పెడతారు. నంబరు కలిస్తే ఇంజిన్ విప్పనక్కర్లేదు. ఒక బండి వైరు ఎగ్జాస్ట్ రేకుకి రాసుకుని సగం అరిగి ఉంది. టీము రేసుకి ముందే వచ్చి రాయించుకుంది కాబట్టి గొడవ లేదు. చెప్పకుండా ఊరుకున్న టీముకైతే అదే వైరు పెద్ద తలనొప్పయ్యేది.

గెలిచిన బండి నుంచి పెట్రోలు తీశాం. మూడు డబ్బాలు: ఒకటి ల్యాబ్‌కి, ఒకటి టీముకి, ఒకటి మా దగ్గర సీలు వేసి. మంచినీళ్ళ సీసాల్లో పట్టకూడదు, ప్లాస్టిక్ కరిగి పెట్రోలులో కలిస్తే పరీక్ష చెడుతుంది. పంపు స్టార్ట్ చేసేముందు బండికీ డబ్బాకీ ఎర్త్ క్లిప్పు తగిలించాలి.

సవరించిన ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టి టైం రాశారు. తాత్కాలిక ఫలితం మీద ఎవరైనా ప్రొటెస్ట్ చేయాలంటే 30 నిమిషాల్లో, రాతపూర్వకంగా, ఫీజుతో. ఎవరి ఇంజిన్ మీదైనా అనుమానం ఉంటే విప్పమని అడగొచ్చు, కానీ లోపల అంతా రూల్ ప్రకారమే ఉందని తేలితే విప్పిన ఖర్చు అడిగినవాడిదే. అందుకే నోటితో అనుమానించేవాళ్ళు ఎక్కువ, కాయితం ఇచ్చేవాళ్ళు తక్కువ. ఆ సాయంత్రం నాలుగోవాడి మేనేజరు బోర్డు దగ్గరే నిలబడి వాచీ చూసుకున్నాడు గానీ లోపలికి రాలేదు.

స్టీవార్డుల తీర్పు మీద అప్పీలు వేరు. తీర్పు అందిన గంట లోపల అప్పీలు చేస్తామని రాసివ్వాలి, ఆ తర్వాత 96 గంటల్లో మొత్తం కాయితాలు పెట్టాలి. బరువు తక్కువైన టీము కూర్చుని మాట్లాడుకుంది, డ్రైవర్ వాళ్ళ నాన్న ఫోనులో ఎవరినో సలహా అడిగాడు. గంట దాటింది. రాసివ్వలేదు. తూకం షీటు మీద మూడుసార్లూ వాళ్ళ ప్రతినిధి సంతకమే ఉంది మరి.

రెండు కప్పులు చేతులు మారాలి. మూడోవాడిది వెంటనే తెచ్చిచ్చారు. రెండోది అప్పటికే వ్యాన్‌లో టైర్ల కింద సర్దేశారు, టైర్లన్నీ దింపి తీశారు. తాడు విప్పి బండ్లు వదిలేసి, తూకం రాళ్ళు పెట్టెలో పెట్టేసరికి ఫైనల్ అని రాసిన షీటు మీద స్టీవార్డుల సంతకాలు పడ్డాయి.